టౌన్‌కు వెళ్లాలా, మాల్‌కు వెళ్లాలా: విశాఖలో ఏది ఎక్కడ కొనాలి

గాజువాకలో బస్సెక్కిన మనిషిని ఎక్కడికని అడిగితే ఈనాటికీ "వైజాగ్ వెళ్తున్నాను" అనే జవాబు వినిపిస్తుంది. గాజువాక 2005లోనే మహా విశాఖ నగరపాలక సంస్థలో కలిసిపోయింది, ఇంటి పన్ను రసీదు మీద జీవీఎంసీ పేరే ఉంటుంది, అయినా ఆ మాట మారలేదు. ఆ మాటలోని వైజాగ్‌కు అర్థం పూర్ణా మార్కెట్, కురుపాం మార్కెట్, జగదాంబ, డాబాగార్డెన్స్. మధురవాడ, కొమ్మాది వైపు ఉండేవాళ్లు అదే ప్రయాణాన్ని "టౌన్‌లోకి వెళ్లడం" అంటారు. పండగ బట్టలకైనా, పెళ్లి సామానుకైనా, స్టీలు గిన్నెలకైనా ఒకప్పుడు ఆ ప్రయాణం తప్పేది కాదు. ఇప్పుడు తప్పించుకోవచ్చు కాబట్టే ప్రతిసారీ ఇంట్లో చర్చ జరుగుతోంది: దగ్గర్లోని మాల్‌కు వెళ్దామా, పూట పోయినా టౌన్‌కే వెళ్దామా అని.

నేను పుట్టి పెరిగింది అల్లిపురంలో, పన్నెండేళ్లుగా కాపురం ఉంటున్నది మధురవాడలో. రెండు చోట్లా డబ్బు పోగొట్టుకున్నాను, రెండు చోట్లా మిగుల్చుకున్నాను. ఆ అనుభవంతో చెప్పగలిగిన మాట ఒకటుంది. ఏం కావాలో చీటీ మీద రాయగలిగినప్పుడు టౌన్ లాభిస్తుంది. రాయలేనప్పుడు, అంటే చూసి, తొడిగి, నచ్చకపోతే మార్చుకొని తేల్చుకోవలసిన వస్తువైనప్పుడు, మాల్ లాభిస్తుంది. దీనికి మినహాయింపులు లేకపోలేదు, అవి సందర్భాన్ని బట్టి చెబుతాను.

ఊరు సాగినట్టే అంగడీ సాగింది

విశాఖ గుండ్రంగా పెరిగిన ఊరు కాదు. ఒక పక్క సముద్రం, మరో పక్క సింహాచలం కొండలు, దక్షిణాన ఓడరేవు ఉండటంతో, మధ్యలో మిగిలిన జాగాలోనే పొడవుగా సాగుతూ వచ్చింది. 1933లో ఓడరేవు ప్రారంభమైన నాటికి వ్యాపారమంతా దానికి ఆనుకొని ఉన్న వన్ టౌన్‌లోనే ఉండేది. రాణిబొమ్మ, మెయిన్ రోడ్డు, కురుపాం మార్కెట్ అంటూ నేటికీ పెద్దవాళ్లు చెప్పే గుర్తులన్నీ ఆ కాలానివే. 1971లో ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగాక జనం గాజువాక వైపు, ఆ తరవాత జాతీయ రహదారి వెంబడి మద్దిలపాలెం, హనుమంతవాక, ఎండాడ, మధురవాడ వైపు సర్దుకుంటూ పోయారు. మధురవాడ నుంచి జగదాంబకు దాదాపు పదిహేను కిలోమీటర్లు. ఇంత పొడవైన ఊళ్లో ఒకే బజారు అందరికీ నడిమధ్యన ఉండటం సాధ్యం కాదు.

మాల్ పుట్టిన దేశంలోనూ రోడ్డే దానికి దారి చూపింది. నాలుగు పక్కలా మూసి, పైకప్పు వేసి, లోపల ఒకే ఉష్ణోగ్రత ఉండేలా కట్టిన తొలి మాల్‌గా పేరుపొందిన సౌత్‌డేల్ 1956లో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో, మినియాపొలిస్ శివారులో తెరుచుకుంది. అక్కడి చలికి జనం కాలు బయట పెట్టలేకపోవడం, కార్లు పెరిగి కాపురాలు శివార్లకు మారడం ఆ కట్టడానికి కారణాలు. దాన్ని రూపొందించిన విక్టర్ గ్రూయెన్ వియన్నాలో పుట్టిన వాస్తుశిల్పి. లోపలికి అడుగుపెట్టిన మనిషి తాను దేనికోసం వచ్చాడో మరచిపోయి, కనిపించినవన్నీ చూస్తూ, కొంటూ పోయే స్థితికి వ్యాపార పరిభాషలో ఆయన పేరే పెట్టారు. చీటీ సంగతి ముందే ఎత్తడానికి కారణం ఇదే. అక్కడ చలి చేసిన పనిని మన దగ్గర మే నెల ఉక్కపోత చేస్తోంది.

అయితే మన ఊళ్లో మాల్స్ అన్నీ శివార్లలోనే వచ్చాయనుకోవడం పొరపాటు. జగదాంబ దగ్గరి చిత్రాలయ థియేటర్ ఉన్న చోటే మాల్ వచ్చింది. సీఎంఆర్ సెంట్రల్ ఉన్న మద్దిలపాలెం ఒకనాటి ఊరి చివర, ఇవాళ ఊరి మధ్య. 2023 ఆగస్టులో ఇనార్బిట్ మాల్‌కు శంకుస్థాపన చేసిన కైలాసపురం స్థలం ఓడరేవుది, అదీ పాత కాలనీల నడుమనే ఉంది. అసలు మన దగ్గర బజారూ సినిమా మొదటి నుంచీ కలిసే నడిచాయి. జగదాంబ, లీలామహల్, సంగం శరత్ అని కూడళ్లకు థియేటర్ల పేర్లు నిలిచిపోవడానికి కారణం మ్యాట్నీ చూసి, బట్టలు కొని, టిఫిన్ చేసి ఇంటికి చేరే అలవాటే. మాల్ ఆ అలవాటునే ఒక కప్పు కిందికి చేర్చింది. తేడా ఏమిటంటే, ఆ మధ్యలోని నడక, ఎండ, మరో నాలుగు దుకాణాల్లో ధర అడిగే వీలు, ఇవి పోయాయి.

మరో చిక్కు మాటలోనే ఉంది. తెలుగునాట "షాపింగ్ మాల్" అని బోర్డు ఉన్నవన్నీ మాల్స్ కావు. ఒకే యజమాని అయిదారు అంతస్తుల్లో చీరలు, రెడీమేడ్లు, నగలు అమ్మే పెద్ద బట్టల దుకాణాన్నీ మనం షాపింగ్ మాల్ అనే అంటాం. వేర్వేరు కంపెనీలు అద్దెకు దిగిన కట్టడాన్నీ అదే మాటతో పిలుస్తాం. కొనేవాడికి ఈ తేడా ముఖ్యం. మొదటి రకంలో కౌంటరు దగ్గర మేనేజరుతో మాట్లాడి, పెళ్లికి పాతిక చీరలు తీసుకుంటున్నామని చెప్పి, ఎంతో కొంత తగ్గించుకోవచ్చు. రెండో రకంలో ఆ అధికారం అక్కడున్న ఎవరికీ ఉండదు. ధర మరెక్కడో నిర్ణయమై కంప్యూటరులోకి వస్తుంది. ఇకపై ఈ వ్యాసంలో మాల్ అన్న చోటల్లా రెండో రకాన్నే ఉద్దేశిస్తున్నాను.

దారి ఖర్చు, పూట ఖర్చు

ధరలు పోల్చేముందు అక్కడికి చేరడానికి అయ్యే ఖర్చు చూడాలి, ఎందుకంటే రెండు వందలు మిగుల్చుకోవడానికి మూడు వందల పెట్రోలు, పార్కింగు పెట్టినవాళ్లను చాలామందిని చూశాను. టౌన్‌కు కారులో వెళ్లడం దండగ. పూర్ణా మార్కెట్ చుట్టుపక్కల వీధుల్లో రిక్షాలు, తోపుడు బళ్లు, సరుకు దించే ఆటోలు కదలడమే కష్టం, అందులో కారు దూర్చి, నిలపడానికి చోటు వెతుక్కుంటూ అరగంట తిరిగి, చివరకు ఎక్కడో దూరంగా పెట్టి నడిచి రావాలి. ద్విచక్ర వాహనం కొంత మేలు. అన్నిటికంటే మేలు బస్సు. సింహాచలం నుంచి వచ్చే 6ఏ నేరుగా వన్ టౌన్‌లోని పాత పోస్టాఫీసు దాకా వెళుతుంది. 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం మొదలైనప్పటి నుంచి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు లేదు. గుర్తింపు కార్డు చూపిస్తే చాలు. అత్తాకోడళ్లు ఇద్దరే టౌన్‌కు వెళ్లి రాగలిగితే దారి ఖర్చు సున్నా. మగవాళ్లు తోడు రాకపోవడం వల్ల ఆదా అయ్యే సమయం వేరే లెక్క.

మాల్‌కు కారులో వెళ్లడం సుఖం. 2025 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన రాష్ట్ర ప్రభుత్వ ఉత్తర్వుల ప్రకారం మాల్స్, మల్టీప్లెక్సుల్లో మొదటి అరగంట పార్కింగు ఉచితం, ఆపైన గంట వరకు అక్కడ ఏదైనా కొన్న బిల్లు చూపితే రుసుము ఉండదు. బిల్లు జేబులో పడేసి మరచిపోకుండా చేతిలో పట్టుకొని దిగడం మంచిది.

పూట సంగతికి వస్తే, టౌన్‌కు వెళ్తే కనీసం సగం రోజు పోతుంది. నడుము నొప్పి, మోకాళ్ల నొప్పి ఉన్న పెద్దవాళ్లకు, చంటిపిల్లల తల్లులకు మరుగుదొడ్డి దగ్గరలో ఉండటం, లిఫ్టు ఉండటం, కాసేపు కూర్చోవడానికి చోటుండటం అన్నవి చిన్న విషయాలు కావు. ఈ ఒక్క విషయంలో పాత బజారును సమర్థించడానికి నాకు మాట దొరకదు. ఆడవాళ్లు గంటల తరబడి కొనుగోళ్లు చేసే వీధుల్లో శుభ్రమైన మరుగుదొడ్లు లేకపోవడాన్ని సర్దుకుపోవలసిన అసౌకర్యంగా చూడటం తప్పు. ఇంట్లో డెబ్బై దాటినవాళ్లు తోడు రావాల్సి ఉంటే, మిగతా లెక్కలన్నీ పక్కనపెట్టి లిఫ్టు ఉన్న చోటికే వెళ్లండి.

బట్టలు: ఇక్కడే అసలు తేడా

కిందటేడు మా పిన్ని కూతురి పెళ్లికి పట్టుచీరలు కొనడానికి మా పెద్దమ్మతో కలిసి వన్ టౌన్‌లో ఒక పాత దుకాణానికి వెళ్లాను. చెప్పులు గుమ్మం బయట విడిచి, తెల్ల దుప్పటి పరిచిన మెత్తటి పరుపు మీద కూర్చున్నాక, దుకాణాదారు మొదట చీర చూపించలేదు. "ఏటి కావాలమ్మా, పెళ్లికూతురికా, పెట్టుబడికా?" అని, అంటే బంధువులకు పెట్టడానికా అని అడిగాడు. పెళ్లికూతురిదని తెలిశాక ఎంతలో అని అడిగాడు. అప్పుడు లేచి, పైఅర నుంచి నాలుగంటే నాలుగు చీరలు దించాడు. పెద్దమ్మ ఒక చీర కొంగు విప్పి, లోపలి అంచు దగ్గర తడి రుమాలుతో గట్టిగా రుద్ది రంగు అంటుతోందేమో చూసింది. రెండో చీర చివర వేలాడుతున్న పోగు ఒకటి తుంచి ఇవ్వమంటే, ఆయనే అగ్గిపుల్ల గీసి కాల్చి చూపించాడు. వెంట్రుక కాలిన వాసన వచ్చింది, వేళ్ల మధ్య నలిపితే బూడిద పొడిపొడిగా రాలింది. పట్టు అయితే అలాగే కాలుతుంది. పాలిస్టర్ అయితే కరిగి గట్టి ఉండలా మిగులుతుంది. నాలుగింటిలో మూడోది తీసుకున్నాం. మొత్తం నలభై నిమిషాలు పట్టింది, అందులో పదిహేను నిమిషాలు బేరమే.

ఇలా పోగు తుంచి కాల్చే వ్యవహారం మాల్‌లో కుదరదు. అక్కడ నమ్ముకోవలసింది ముద్రలను. కేంద్ర పట్టు మండలి ఆధ్వర్యంలోని సిల్క్ మార్క్ చీటీ చీరకు వేలాడుతోందో లేదో చూడాలి. నిజానికి టౌన్‌లోనూ పెద్దమ్మలాంటి మనిషి వెంట లేనప్పుడు ఆ చీటీనే అడగడం క్షేమం. బట్ట తెలియని వాడు బేరమాడితే అయిదు వేల చీరను ఎనిమిది వేలు చెప్పి ఆరున్నరకు తెగ్గొట్టి పంపడం ఏ అంగడిలోనైనా జరిగేదే. పట్టుచీరకు, మధుపర్కాలకు, పెట్టుబడి బట్టలకు, ఫాలు కుట్టించడానికి, మ్యాచింగు జాకెట్టు గుడ్డకు టౌన్‌ను మించింది లేదు, అయితే అది తెలిసినవాళ్లు తోడున్నప్పటి మాట.

రెడీమేడ్ దుస్తులకు ఈ లెక్క పూర్తిగా తిరగబడుతుంది. ప్యాంటు నడుము కొలత చీటీ మీద రాయవచ్చు గానీ, ఒక కంపెనీ 34 మరో కంపెనీ 34తో సమానం కాదు. తొడిగి చూడాల్సిందే. పాత బజారులోని చాలా చిన్న దుకాణాల్లో తొడిగి చూసే గది అంటే రెండు బీరువాల మధ్య వేలాడదీసిన తెర. మాల్‌లో నాలుగు కొలతలు పట్టుకెళ్లి, తలుపు వేసుకొని, అద్దంలో నెమ్మదిగా చూసుకోవచ్చు. బిల్లు, ట్యాగు ఉంటే వారంలోగా మార్చుకోవడానికి ఎవరినీ బతిమాలక్కర్లేదు. లోదుస్తులు, ఆఫర్‌లో కొన్నవి మార్చరన్న నియమం చాలాచోట్ల ఉంటుంది, బిల్లు వెనక సన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. ఒక మాల్‌లో మా అబ్బాయికి కొన్న స్కూలు బూట్లు మూడో రోజునే అట్ట ఊడిపోతే, ఆఫర్ సరుకని చెప్పి తీసుకోలేదు. అప్పటి నుంచి డబ్బు కట్టే ముందే ఆ సన్న అక్షరాలు చదువుతున్నాను.

పన్ను విషయం కూడా తెలిసి ఉండాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి కుట్టిన దుస్తుల మీద జీఎస్టీ, పన్ను కలపకముందు ముక్క ఖరీదు 2,500 రూపాయల లోపైతే 5 శాతం, దాటితే 18 శాతం. అంటే పన్ను కాకుండా 2,450 పడే కుర్తాకు, 2,600 పడే కుర్తాకు నడుమ బిల్లులో వచ్చే తేడాలో ఎక్కువ భాగం బట్టది కాకపోవచ్చు. ఎంఆర్‌పీలో పన్ను కలిసే ఉంటుంది. దాని మీద మళ్లీ పన్ను వేసి బిల్లు ఇస్తే ఒప్పుకోనక్కర్లేదు.

ఇక ఆషాఢం. పెళ్లిళ్లు లేని నెలలో సరుకు కదలడానికి పుట్టిన తగ్గింపులు ఇప్పుడు నిండు వ్యాపార కాలంగా మారాయి. శ్రావణంలో పెళ్లి ఉన్న ఇంటివారు పెట్టుబడి చీరల వరకు ఆషాఢంలోనే కొనుక్కుంటే నిజంగా కలిసివస్తుంది. పెళ్లికూతురి చీర మాత్రం కొత్త సరుకు దిగాక తీసుకోవడమే నయం, ఎందుకంటే తగ్గింపు బల్ల మీదికి వచ్చేది సాధారణంగా కిందటి కాలం మిగులు. సగం ధర అని బోర్డు పెట్టిన చీర అసలు ధర ఎంతో మీకు ముందే తెలిసి ఉంటేనే ఆ బోర్డుకు అర్థం.

బంగారం

బంగారం ఎక్కడ కొన్నా బంగారమే అన్న మాట ఇప్పుడు గతంలోకంటే నిజం. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్కు నగ మీద అక్షరాలు, అంకెలు కలిసిన ఆరు స్థానాల హెచ్‌యూఐడీ సంఖ్య ఉండి తీరాలి. బీఐఎస్ కేర్ అనే యాప్‌లో ఆ సంఖ్య కొడితే నగ వివరాలు, స్వచ్ఛత కనిపిస్తాయి. కురుపాం మార్కెట్లో కొన్నా, గాజు తలుపుల షోరూములో కొన్నా ఈ పరీక్ష ఒకటే, కనుక స్వచ్ఛత గురించి ఎంపికలో తలబాదుకోనక్కర్లేదు.

తేడా తరుగు, మజూరీల దగ్గర వస్తుంది. పది గ్రాముల గొలుసుకు ఒకచోట 12 శాతం, మరోచోట 18 శాతం తరుగు వేశారనుకుందాం. అరగ్రాముకు పైగా, కచ్చితంగా చెప్పాలంటే 0.6 గ్రాము బంగారం ఖరీదు మీ చేతికి రాకుండా పోతుంది, దాని మీద మళ్లీ 3 శాతం జీఎస్టీ. పాత బజారులో తరుగు గురించి బేరం ఉంటుంది, తరతరాలుగా ఒకే దుకాణానికి వెళ్లే కుటుంబాలకు మరికొంత సడలింపు ఉంటుంది. షోరూములో రకాలు ఎక్కువ, పాత నగ మార్పిడికి రాతపూర్వక నియమాలు ఉంటాయి. నా సలహా: పుస్తెలు, సాదా గొలుసులు, గాజులు వంటి పనితనం తక్కువ ఉన్నవి తెలిసిన పాత దుకాణంలో చేయించుకోండి. రాళ్లు పొదిగిన నగ అయితే రాళ్ల బరువును వేరుగా చూపించి బిల్లు ఇచ్చే చోటే కొనండి, అది ఎక్కడైనా సరే. రాళ్లను బంగారంతో కలిపి తూచి అమ్మిన నగ, తిరిగి అమ్మే రోజున ఆ బరువు తూగదు.

సరుకులు, కూరలు, సారె సామాను

కూరగాయల విషయంలో మాల్‌తో పోలికే అనవసరం. రైతుబజార్లు 1999లో మొదలైనప్పటి నుంచి ఎంవీపీ కాలనీ, సీతమ్మధార, కంచరపాలెం వంటి చోట్ల ధరల బోర్డు చూసి కొనే అలవాటు మనకు స్థిరపడింది. ఏసీలో పెట్టి, ప్లాస్టిక్ పొర చుట్టిన తోటకూర కట్ట తాజాగా కనిపిస్తుంది గానీ, తెల్లవారుజామున దిగిన కట్ట ముందు అది నిలవదు. మాల్‌లో కొనదగ్గ కూరలంటే మన రైతులు ఇక్కడ పెద్దగా పండించని బ్రాకోలీ లాంటివి, అవీ ఎప్పుడో ఒకసారి.

నెల సరుకులకు మాత్రం ఆలోచించాలి. కందిపప్పు, మినప్పప్పు, బెల్లం, చింతపండు, ఎండుమిర్చి, ఆవాలు, జీలకర్ర వంటివి ఏడాదికోసారో ఆరునెలలకోసారో పెద్దమొత్తంలో కొనే ఇళ్లకు పూర్ణా మార్కెట్ పరిసరాల్లోని హోల్‌సేలు కొట్లు మేలు. పప్పు గుప్పిట్లోకి తీసుకొని చూడవచ్చు, బెల్లం చిన్న ముక్క నోట్లో వేసుకొని ఉప్పదనం ఉందేమో తెలుసుకోవచ్చు. సబ్బులు, పేస్టు, బిస్కెట్లు, నూనె ప్యాకెట్లు వంటి ముద్ర వేసిన సరుకుకు డీమార్ట్ వంటి పెద్ద దుకాణంలో తగ్గింపు నిజంగానే ఉంటుంది. గ్రాముకో, కిలోకో, లీటరుకో ధర ఎంత పడుతుందో ప్యాకెట్ మీద ముద్రించే నిబంధన ఇప్పుడుంది; ఒకటి కొంటే ఒకటి ఉచితం అన్న చోట ఆ అంకెను చూడండి, మాయ తేలిపోతుంది. నేను ఒకసారి పప్పు నూనె కోసమని వెళ్లి, బిల్లు చూసుకుంటే అందులో బట్టలు ఆరేసే క్లిప్పులు రెండు డజన్లు, గోడ గడియారం, పిల్లల రంగు పెన్సిళ్లు ఉన్నాయి, నూనె లేదు. గ్రూయెన్ పేరు ఊరికే నిలవలేదు. సంచి ఇంటి నుంచే పట్టుకెళ్లండి. ముందుగా చెప్పకుండా బిల్లు కౌంటరు దగ్గర సంచికి డబ్బు వసూలు చేయడం అనుచిత వ్యాపార పద్ధతి అని జాతీయ వినియోగదారుల కమిషన్ 2020లోనే తేల్చింది.

వీధి చివరి కిరాణా కొట్టును ఈ పోలికలో ఎవరూ కలపరు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చిన మర్నాడు పెద్ద దుకాణాల అద్దాలు రోడ్డు మీద పొడిగా పడి ఉన్నాయి. కరెంటు లేదు, ఫోన్లు లేవు, కార్డు గీకే యంత్రం పనిచేయదు, ఏటీఎం తెరుచుకోదు. మా వీధి కొట్టాయన కొవ్వొత్తి వెలుతురులో నోటుపుస్తకం తీసి, పేరు రాసుకొని, బియ్యం, పాలపొడి, అగ్గిపెట్టెలు ఇచ్చాడు. ఆ కొట్టు ఈనాటికీ ఉండటానికి నేను నెలకు కనీసం కొంత సరుకు అక్కడ కొనడం ఒక కారణం కావాలని నా కోరిక. కిలోకు రెండు మూడు రూపాయలు ఎక్కువే ఇస్తున్నానని తెలుసు.

సారె సామాను అచ్చంగా టౌన్ వస్తువు. మన ఉత్తరాంధ్రలో ఆడపిల్లను అత్తవారింటికి పంపేటప్పుడు ఇచ్చే ఇత్తడి బిందెలు, స్టీలు గంగాళాలు, పళ్లేలు, కుందులు బరువు లెక్కన అమ్ముతారు, పేరు చెక్కించి ఇస్తారు, పాత ఇత్తడి తీసుకొని ఆ మేరకు తగ్గిస్తారు. మాల్‌లో ఇత్తడి దొరుకుతుంది, అలంకరణ వస్తువుగా, ముక్క లెక్కన. తూకం కాటా కనిపించని చోట ఇత్తడి కొనకండి.

ఎలక్ట్రానిక్ సామాను గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. కంపెనీ వారంటీ ఎక్కడ కొన్నా ఒకటే, కాబట్టి మాల్‌లో చూసి, మోడల్ నంబరు రాసుకొని, ద్వారకానగర్, డాబాగార్డెన్స్ దుకాణాల్లో అడగండి. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ ఇంటికి చేర్చి బిగించే ఖర్చుతో కలిపి పోల్చండి. జీఎస్టీ బిల్లు లేకుండా ధర తగ్గిస్తామంటే మాత్రం వద్దనండి, ఎందుకంటే రేపు ఫిర్యాదు చేయాలన్నా, 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయాలన్నా మొదట అడిగేది ఆ కాగితమే.

మూడో దారి

టౌనా, మాలా అన్న చర్చలో చాలామంది మరచిపోయే బజారు తమ గుమ్మం ముందే ఉంటుంది. గాజువాక మెయిన్ రోడ్డు ఇప్పుడు దానంతట అదే ఒక పట్నం. గోపాలపట్నం, ఎన్ఏడీ కొత్తరోడ్డు, పెందుర్తి, మధురవాడ కూడళ్లలో బట్టల దుకాణాలు, నగల కొట్లు, స్టీలు సామాను, మందుల షాపులు, దర్జీలు, అన్నీ ఉన్నాయి. రకాలు టౌన్ అంత ఉండవు, చల్లదనం మాల్ అంత ఉండదు. అయినా దర్జీ, చెప్పులు కుట్టేవాడు, గడియారం బాగుచేసేవాడు, మిక్సీ మరమ్మతు, ఇవన్నీ దగ్గరలోనే ఉండాలి. ఒకసారి ఇచ్చి, రెండుసార్లు తిరిగి, మూడోసారి తెచ్చుకునే పనులు అవి. స్కూలు యూనిఫారాలు, నోటుపుస్తకాలు కూడా అంతే. ఉక్కునగరం, కూర్మన్నపాలెం వైపు ఉండేవాళ్లకు రోజువారీ అవసరాల్లో నూటికి తొంభై గాజువాకలోనే తీరతాయని నా అంచనా, వాళ్లు టౌన్‌కు రావలసింది పెళ్లికీ సారెకూ మాత్రమే.

ఎవరికి ఏది

ఉద్యోగం కోసం కొత్తగా వచ్చి, రుషికొండ, మధురవాడ వైపు అద్దెకు దిగిన చిన్న కుటుంబానికి మొదటి నెల మాల్, పెద్ద దుకాణాలే సులువు: పరుపులు, కర్టెన్లు, వంటసామాను ఒకే చోట, ఒకే రోజు దొరుకుతాయి, భాష కొత్తవాళ్లకు బేరం బెడద లేదు. రెండో నెల నుంచి కూరలకు రైతుబజారు, పప్పులకు వీధి కొట్టు అలవాటు చేసుకుంటే ఖర్చు కళ్లకు కనిపించేంతగా తగ్గుతుంది. మే నెలలో పిల్లలతో, పెద్దలతో బయటికి వెళ్లాల్సి వస్తే మాల్‌కే వెళ్లండి. కొనడానికి కాకపోయినా కాలక్షేపానికి అక్కడికి వెళ్లడంలో తప్పేమీ లేదు, తిండి ఖరీదు మాత్రం ముందే లెక్కలో వేసుకోండి. కాలేజీ పిల్లలకు వాళ్ల బట్టలు వాళ్లనే కొనుక్కోనివ్వండి, వాళ్లకు ఎక్కడ తక్కువో మీకంటే బాగా తెలుసు.

ఇంట్లో పెళ్లి ఉంటే మాత్రం టౌన్ తప్పదు, అందుకు రోజు ఎంచుకోవడంలో జాగ్రత్త ఉండాలి. మార్గశిర మాసంలో గురువారాలు వద్దు. బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి దర్శనానికి వచ్చే జనంతో వన్ టౌన్ వీధులు కిక్కిరిసిపోతాయి; అమ్మవారిని చూసుకొని అలాగే చీరలు కొందామనుకుంటే రెండూ తృప్తిగా జరగవు. మామూలు వారంలో పదిన్నర, పదకొండు గంటలకు, దుకాణాలు అప్పుడే తెరిచి సర్దుకుంటున్న వేళ చేరుకుంటే దుకాణాదారు ఓపికగా చూపిస్తాడు. ఇద్దరు వెళ్లండి, అయిదుగురు వద్దు. మొదట నగల కొట్టులో కొలతలు ఇచ్చి, తరవాత చీరలు చూసి, బరువైన ఇత్తడి సామాను చివర్లో కొని, దుకాణం నుంచే ఆటో మాట్లాడించుకోండి. జాకెట్టు గుడ్డ మాత్రం ఆ రోజే, చీర చేతిలో ఉండగానే, పగటి వెలుతురులో మ్యాచింగు సెంటరు గుమ్మం బయటికి తెచ్చి చూసి తీసుకోవాలి. ట్యూబులైటు కింద కలిసిన రంగు ఇంటికొచ్చాక కలవదు, దర్జీ గడువేమో ముహూర్తానికి పది రోజుల ముందే అయిపోతుంది.